ఎంగిలి నాడె

చీర కొనేటప్పుడు మనం అంచు చూస్తాం, రంగు చూస్తాం, రెండు వేళ్ల మధ్య పెట్టి నూలు మెత్తదనం చూస్తాం. ఆ చీరలో అడ్డంగా పోయే పోగు ఒక మనిషి నోటిలోంచి వచ్చిందని మాత్రం తలచుకోం. తలచుకోవలసిన అవసరం మనకు రాలేదు. చౌడప్పకు వచ్చింది.

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే చిన్న కొయ్య పడవలాంటి దాన్ని నాడె అంటారు. దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. పక్కన కందిగింజ పట్టేంత కన్నం. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, ఆ కన్నానికి పెదాలు ఆనించి, ఒక్క గుక్క లోపలికి పీలుస్తారు. పోగు కొస వచ్చి నాలుక మీద పడుతుంది. దాన్ని పళ్లతో పట్టి బయటికి లాగి మళ్లీ నాడె విసురుతారు. రోజుకు నూరుసార్లయినా ఈ పని చేయాలి. తాత చేశాడు, తండ్రి చేశాడు, కొడుకు చేస్తాడు. ఎవరూ ఆగి చూసుకోరు.

ఒంటిమిట్టకు పది మైళ్ల దూరంలో రాళ్లపేట అని ఒక నేతగాళ్ల ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ ఎవరి ఇంట్లో వాళ్లు నేసుకునేవాళ్లు. ఇప్పుడు ఊరి బయట ఆరు రేకుల షెడ్లు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది సోమశేఖర్‌ది. నలభై మగ్గాలు, ఒక్కో మగ్గం కింద నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంత. ఐదో వరసలో మొదటి గుంత చౌడప్పది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మాట తక్కువ, చేతివేగం ఎక్కువ. రెండో గుంత అతని తమ్ముడు దేవేంద్రప్పది. అన్నకంటే పదహారేళ్లు చిన్న. నోరు ఊరుకోదు.

"అన్నా, నీ నాడె ఇట్ల ఇయ్యి. నా దాని ముక్కు లేచిపోయినాది."

"పొద్దన్నే పగలగొట్టుకుంటివా? నీకు ఇనుపది చేపించాల్రా."

"చేపించు. అది ఎగిరి నీ నెత్తిన పడినప్పుడు తెలుస్తాది."

అన్న తన రెండో నాడె విసిరేవాడు. తమ్ముడు దాన్ని పట్టుకొని, అన్న పెదవి తడి ఆరకముందే తన పెదవి ఆనించి పోగు పీల్చేవాడు. ఆ షెడ్డులో ఇట్లా రోజుకు ఎన్ని నాడెలు ఎన్ని చేతులు మారేవో ఎవరూ లెక్కపెట్టలేదు.

వీళ్లు ఎంగిలి పట్టింపు లేని మనుషులని అనుకోవద్దు. షెడ్డు మూలలో నీళ్ల కుండ ఉండేది. దాని మీది లోటాకు ఎవరూ మూతి తగిలించరు. ఎత్తి పోసుకొని తాగాల్సిందే. దేవేంద్రప్ప ఒకసారి మరిచిపోయి లోటాకు మూతి పెడితే, వాడి వదిన అంజనమ్మే దాన్ని బూడిద వేసి మూడుసార్లు తోమింది. ఆ వదిన చుట్టిన కండెనే, అన్న పీల్చిన నాడెలోనే పెట్టి మరిది పీల్చితే ఆమెకు ఏమీ అనిపించలేదు. నాడె నేతగాడికి దేవుడితో సమానం. దేవుడికి ఎంగిలేమిటి? పేటలో పుట్టిన ప్రతివాడికీ ఇది ఎవరూ చెప్పకుండానే తెలిసిన విషయం.

కరోనా రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలంలో పేటలో పదకొండు మందికి జబ్బు తేలింది. మూడో రోజు మండల ఆఫీసు నుంచి జీపు వచ్చి ఆరు షెడ్లకూ తాళాలు వేసి, లక్క ముద్రలు కొట్టి పోయింది. తిరిగి చెప్పేదాకా తెరవకూడదని తలుపుకు కాగితం అంటించారు.

మూత పడిన షెడ్డు ముందు నేతగాడు ఏం చేస్తాడు? పదిరోజులు ఇంట్లో ఉన్నది తిన్నారు. పదకొండో రోజు నుంచి కొలిచి తిన్నారు. చౌడప్ప రోజూ పొద్దున షెడ్డు దాకా పోయి, ముద్ర చూసి, వెనక్కి వచ్చేవాడు. ఆకలి అబద్ధం కాదు. ఇది మొదటే చెప్పుకోవాలి.

ఆ సమయంలో సోమశేఖర్ కబురు పంపాడు. పెండ్లిళ్ల చీరలు సగం మగ్గాల మీదే ఉండిపోయి అతను నిద్రలేకుండా ఉన్నాడు. ఆరుగురు యజమానులూ కలిసి ఈ మూసివేత చెల్లదని హైకోర్టుకు పోవాలని తీర్మానించుకున్నారు. కడప నుంచి వకీలు కూడా వచ్చి కూర్చున్నాడు.

"యజమానుల పేర్లతో పోతే జడ్జికి జాలి కలగదప్పా," అన్నాడు వకీలు. "మొదటి పేరు నేతగాడిది ఉండాల. మా కడుపు మాడుతాండాది అని నేతగాడే అడగాల."

"అందుకే చౌడప్ప మామను పిలిపించినా," అన్నాడు సోమశేఖర్. "మామ మాటంటే పేటలో రాత మాదిరి."

మామ అనడం ఊరికే కాదు. సోమశేఖర్ పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాయన అతన్ని తెచ్చి చౌడప్ప గుంత పక్కన కూర్చోబెట్టాడు. నాడె పట్టుకోవడం, కండె పెట్టడం, పోగు పీల్చడం చౌడప్పే నేర్పాడు. మొదటిరోజు పోగు గొంతులోకి పోయి పిల్లవాడు దగ్గి దగ్గి కండ్లనీళ్లు పెట్టుకుంటే, వీపు నిమిరి నీళ్లు పోసింది చౌడప్పే.

వకీలు కలం తీశాడు. "మగ్గానికీ మగ్గానికీ మధ్య దూరమెంత?"

"ఆరున్నర అడుగులుండాది సామీ."

"పనిలో ఒకరినొకరు ముట్టుకుంటారా?"

"ఎందుకు ముట్టుకుంటాం? ఎవరి గుంత వాళ్లది. పొద్దన దిగితే మాపటికి లేస్తాం."

"ఒకరు వాడిన వస్తువు ఇంకొకరు వాడతారా?"

చౌడప్ప ఆలోచించాడు. లోటా గుర్తొచ్చింది. తువ్వాలు గుర్తొచ్చింది. అన్నం గిన్నె గుర్తొచ్చింది. ఏదీ ఒకరిది ఇంకొకరు ముట్టరు. నాడె గుర్తు రాలేదు. ఊపిరి తీసుకుంటున్న సంగతి మనకు గుర్తుంటుందా?

అతను నోరు తెరిచేలోపే సోమశేఖర్ అన్నాడు: "లేదు లేదు. ఎవరి సామాను వాళ్లదే. రాసుకోండి సార్."

వకీలు రాసుకున్నాడు. చౌడప్ప సంతకం చేశాడు.

తొమ్మిది రోజుల్లో కోర్టు నుంచి స్టే వచ్చింది. అసలు విచారణ తేలేదాకా షెడ్లు నడుపుకోవచ్చునన్నారు. ముద్రలు పగలగొట్టేటప్పుడు సోమశేఖర్ తలుపుకు బంతిపూల దండ కట్టించి, చౌడప్ప మెడలో ఒక దండ వేసి ఫోటో తీయించాడు. లోపలికి పోయే దగ్గర చేతులకు మందునీళ్లు, నుదుటికి పిస్తోలులాంటి యంత్రం పెట్టించాడు. ఆ యంత్రం అందరికీ ఒకే అంకె చూపించేది. ఎండలో నడిచొచ్చినవాడికీ అంతే, నీడలో నిలబడినవాడికీ అంతే.

"ఇది మనిషిని చూసి చెప్పేది కాదు, సావుకారును చూసి చెప్పేది," అన్నాడు దేవేంద్రప్ప. వరసంతా నవ్వింది.

ఐదోరోజు చౌడప్పకు ఒళ్లు కాలింది. నడుములు లాగాయి. "ఈ పూట పోవద్దు," అంది అంజనమ్మ.

"నా పేరు మీద తెరిచిన షెడ్డు. నేనే పోకపోతే ఎట్ల?" అని మాత్ర వేసుకొని పోయాడు. యంత్రం పాత అంకే చూపించింది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు చేయి చాచాడు. "అన్నా, నాడె ఇయ్యి."

అన్న ఇచ్చాడు.

చౌడప్ప జ్వరం మూడురోజుల్లో దిగింది. దేవేంద్రప్ప జ్వరం దిగలేదు. ఊపిరి అందక కడప ఆసుపత్రికి తీసుకుపోయారు. తొమ్మిదోరోజు, నలభై రెండేళ్ల మనిషిని తెల్లటి సంచిలో కట్టి ఇచ్చారు. ముఖం చూడనివ్వలేదు. వాడి పెండ్లాం శిల్ప ఇరవై అడుగుల దూరంలో నిలబడి, "ఆ సంచిలో ఉండేది ఆయనేనా బావా?" అని అడిగింది. అవునని చెప్పడానికి చౌడప్ప కూడా చూడలేదు.

దేవేంద్రప్ప పోయిన మూడోరోజు కంబన్న తన ఫోను తెచ్చి చూపించాడు. కంబన్నది అదే వరసలో మూడో గుంత. ఫోనులో సోమశేఖర్ ఎవరో విలేకరితో మాట్లాడుతున్నాడు.

"మా షెడ్డులో ఒక్కరికి కూడా రాలేదు సార్. ఒకాయన పోయినాడు, నిజమే. ఆయన సంతల్లో తిరిగే మనిషి. యాడో తగిలించుకొని వచ్చినాడు. మేం మనిషికీ మనిషికీ ఆరున్నర అడుగులు పెట్టినాం. కోర్టువారే ఒప్పుకున్నారు."

దేవేంద్రప్ప సంత మొహం చూసి రెండు నెలలైంది. చౌడప్ప ఫోను వెనక్కి ఇచ్చేశాడు. ఆ పూట అన్నం ముందు కూర్చొని ముద్ద కలిపి, కలిపిన ముద్ద అట్లే వదిలి లేచాడు.

మరునాడు నర్సు ప్రమీలారాణి వచ్చింది. పేటలో ఏ ఇంట్లో జ్వరం వచ్చినా గడప దగ్గర నిలబడి రాసుకొని పోయే మనిషి ఆమె. జబ్బు ఎవరి నుంచి ఎవరికి పోయిందో తెలుసుకోవాలని అడిగింది.

"మీరిద్దరూ ఒక గిన్నెలో తింటారా?"

"లేదమ్మా."

"ఒక చెంబు నీళ్లు? బీడీ? తువ్వాలు?"

"ఏదీ లేదు. వాడు నా లోటాకు మూతి కూడా పెట్టడు."

వసారాలో అంజనమ్మ రాట్నం ముందు కూర్చొని ఉంది. కండె చుడుతూ చుడుతూ ఆమె చేయి ఆగింది. రాట్నం తనంతట తానే రెండు చుట్లు తిరిగి నిలబడింది.

"నాడె?" అంది అంజనమ్మ.

నర్సుకు అర్థం కాలేదు. "నాడె అయితే ఏం?"

చౌడప్ప లేచి గూట్లోంచి ఒక నాడె తెచ్చాడు. కండె పెట్టాడు. కన్నానికి నోరు ఆనించి పీల్చాడు. పోగు నాలుక మీదకు వచ్చింది. నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇట్ల చేసిందాన్ని ఇంకొకరు..."

"పీలుస్తారు."

"ఇది కోర్టులో చెప్పలేదా మీరు?"

"ఎవరూ అడగలే," అన్నాడు చౌడప్ప. అని ఆగిపోయాడు. వకీలు కలం, వకీలు ప్రశ్న, తన నోరు తెరుచుకోవడం, దానికి ముందే సోమశేఖర్ నోరు తెరుచుకోవడం, వరసగా గుర్తొచ్చాయి. "అడిగినారు. శేఖరు చెప్పినాడు. వానికి తెలుసు. నేనే నేర్పినా."

నాడె కన్నం చుట్టూ కొయ్య నున్నగా మెరుస్తోంది. పెదవులు అరగదీసిన నునుపు అది. అందులో తనదెంతో, తమ్ముడిదెంతో చెప్పలేం.

"నేనే ఇస్తినే," అన్నాడు భార్యతో. "నా చేత్తో ఇస్తి. జొరం ఒంటితో పోయి ఇస్తి."

"నువ్వు తెలీక ఇచ్చినావు. వాడు తెలిసీ ఇప్పిచ్చినాడు," అంది అంజనమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు. "నీ తమ్మునికి నువ్వేం చేస్తావో నాకు తెల్దు. ఆ సావుకారు మాత్రం సుఖంగా ఉండకూడదు."

పేటలో నేసిన చీర కోసే కత్తి ప్రతి ఇంట్లో ఉంటుంది. చౌడప్ప ఆ కత్తి పంచె మడతలో పెట్టుకొని, అందరూ అన్నానికి పోయిన వేళ షెడ్డులోకి పోయాడు. నలభై మగ్గాల మీద నలభై పడుగులు బిగించి ఉన్నాయి. నిలువు పోగులన్నీ ఒక్కో కోతతో తెగిపోతే పెండ్లి చీరలు గుడ్డపేలికలవుతాయి. సోమశేఖర్ ఈ ఏడు లేవలేడు.

మొదటి మగ్గం దగ్గర కత్తి తీశాడు. పాత పడుగు చివర కొత్త పడుగు పోగులు అతికిన చోట బూడిద మరక కనబడింది. వేలికొసన బూడిద అద్దుకొని, రెండు పోగుల కొసలు కలిపి మెలేసి అతకడం దేవేంద్రప్ప పని. షెడ్డులో అంత సన్నంగా అతికేవాడు ఇంకొకడు లేడు. ఒక్కో పడుగుకు వేల పోగులు. చౌడప్ప రెండో మగ్గం చూశాడు. అక్కడా అదే బూడిద. మూడోది, నాలుగోది. వాటి మీదే కంబన్న కూడు, నలభై ఇండ్ల కూడు ఉంది. కత్తి మళ్లీ పంచెలో పెట్టుకున్నాడు. వదిలేద్దామని కాదు. తెగాల్సింది పోగు కాదని తెలిసి.

ఆ సాయంత్రం సన్న తీగ కోసి, కొస వంచి, నలభై కొక్కేలు చేశాడు. నాడె కన్నంలోంచి కొక్కెం దూర్చి పోగు బయటికి లాగవచ్చు. నోటితో పనిలేదు. మరునాడు షెడ్డుకు పోయి ఒక్కొక్కరికీ ఇచ్చి, తమ్ముడి సంగతి చెప్పాడు.

"కొత్త పెండ్లికూతురి మాదిరి నాడెకు మూతి ముట్టనంటే ఎట్లప్పా?" అని నవ్వబోయిన కంబన్న, చౌడప్ప ముఖం చూసి నవ్వు మింగేశాడు. కొక్కెం తీసుకున్నాడు.

కొక్కెంతో పని కొంచెం ఆలస్యం. నోటికి ఒక గుక్క పట్టేది చేతికి నాలుగు గుక్కలు పడుతుంది. మధ్యాహ్నానికి షెడ్డు చప్పుడు మందగించింది. ఆ చప్పుడు తగ్గితే సోమశేఖర్‌కు ఎక్కడున్నా తెలుస్తుంది. వచ్చాడు.

"ఏందిది?"

"కొక్కెం," అన్నాడు కంబన్న. "చౌడన్న చేసిచ్చినాడు. నోరు పెట్టొద్దంట. రోగం అంటుకుంటాదంట దాంట్లోంచి."

సోమశేఖర్ వరసవరసా తిరిగి కొక్కేలన్నీ ఏరాడు. నలభై మంది వినేటట్టు అన్నాడు: "మీ నాయనలు నోటితో లాగలేదా? నేను లాగలేదా? ఎవురు సచ్చినారు? పైవారం ఈ చీరలు బండెక్కాల. ఇట్ల ఆడుకుంటా కూర్చుంటే నడిచేది కాదు. ఇష్టం లేనోళ్లు గుంత దిగొద్దండి."

గుప్పెడు కొక్కేలను కిటికీలోంచి ముళ్లకంపలోకి విసిరేశాడు. తర్వాత చౌడప్ప పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "మామా, ఎల్లుండి కోర్టు మనిషి చూసేదానికి వస్తాండాడు. మొదటి పేరు నీది. నిన్నడిగితే దూరం ఒక్కటి చెప్పు చాలు. తమ్ముడు పోయిన బాధ నాకు తెలీదా? శిల్పకు వచ్చే నెల నుంచి ఇదే షెడ్డులో కండెల పని ఇస్తాలే."

"అట్లే సావుకారూ," అన్నాడు చౌడప్ప.

అప్పటిదాకా అతన్ని శేఖరూ అని పిలిచేవాడు. సావుకారూ అనడం అదే మొదలు. సోమశేఖర్ దాన్ని మర్యాద అనుకున్నాడు.

మళ్లీ కొక్కేలు చేయడానికి చౌడప్పకు ఒక పూట పట్టింది. ఈసారి ఇండ్లకు పోయి ఇచ్చాడు. "రెండు దినాలు దొంగచాటుగా వాడండి. ఆ తరువాత మీ ఇష్టం," అని చెప్పాడు. రెండు రోజుల తర్వాత ఏముందని ఎవరూ అడగలేదు. చౌడప్ప అడిగితే చెప్పే మనిషి కాదు.

ఆ రెండు రోజులూ షెడ్డులో అతనంత వినయంగా నడుచుకున్నవాడు లేడు. ముక్కు మీది గుడ్డ జారనివ్వలేదు. సావుకారు పిలిస్తే గుంతలోంచి లేచి నిలబడ్డాడు. "మామ దారికొచ్చినాడు," అని సోమశేఖర్ గుమాస్తాతో అన్నాడు. నిప్పు మీద బూడిద ఎంత మెత్తగా ఉంటుందో, వేలు పెట్టనివాడికి అంతే తెలుస్తుంది.

కోర్టు పంపిన మనిషి ఒక యువతి. హర్షిణి అని పేరు. లాయరే కాని ఏ పక్షమూ కాదు. చూసింది చూసినట్టు రాసి కోర్టుకు ఇవ్వడం ఆమె పని. వెంట మండలాఫీసు మనుషులు, యజమానుల వకీలు, ఆరుగురు యజమానులు వచ్చారు. ఆమె టేపు తీసి గుంతకూ గుంతకూ మధ్య తానే కొలిచింది. ఆరున్నర అడుగులు. కిటికీలు లెక్కపెట్టింది. మందునీళ్ల సీసా వాసన చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సోమశేఖర్ ముఖం వెలిగింది.

"పిటిషన్‌లో మొదటి పేరు చౌడప్పగారిది. ఆయన ఉన్నారా?"

"ఈడుండా తల్లీ," అని చౌడప్ప గుంతలోంచి లేచాడు. "మీరు దూరం కొలిచినారు. ఒక పని మాత్రం చూడలే. చూపించమంటారా?"

"మామా, మేడమ్‌కు టైము లేదు," అన్నాడు సోమశేఖర్.

"ఉంది. చూపించండి," అంది హర్షిణి.

చౌడప్ప మళ్లీ గుంతలోకి దిగాడు. కొత్త కండె నాడెలో పెట్టాడు. మూతి గుడ్డ కిందికి జరిపాడు. కన్నానికి పెదాలు ఆనించి గుక్క పీల్చాడు. పళ్లతో పోగు లాగాడు. నాడె పక్క తడితో మెరిసింది. అది పట్టుకొని లేచి, మనుషుల మధ్యలోంచి నడిచి సోమశేఖర్ ముందు నిలబడ్డాడు.

"పీల్చు."

షెడ్డులో ఒక్క మగ్గం చప్పుడు లేదు.

"ఏంది మామా ఇది?"

"నువ్వు నేర్చుకున్న పనే. నేనే నేర్పినా. మొన్న అందరి ముందర చెప్పినావు గదా, నేను లాగలేదా, ఎవురు సచ్చినారు అని. నలభై మంది విన్నారు. ఇప్పుడు లాగు. నాకు జొరం వచ్చి పోయి నెల కూడా కాలే. మా తమ్ముడు అడిగినాడు, ఇచ్చినా, పీల్చినాడు. నువ్వూ పీల్చు."

సోమశేఖర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నాడె ముందుకొచ్చిన కొద్దీ అతను వెనక్కి జరిగాడు. వీపు ఒక మగ్గం కొయ్యకు తగిలింది. ఇక జరగడానికి లేదు.

"ఎంగిలి నాడె నేనెట్ల నోట్లో పెట్టుకునేది!" అని అరిచాడు.

ఆ మాట అన్న తర్వాత అతనికే వినబడింది. గుంతల్లోని మనుషులంతా తలలెత్తి చూశారు. పేట పుట్టినప్పటి నుంచి నాడెను ఎంగిలి అన్న నేతగాడు లేడు.

"రాసుకోమ్మా," అన్నాడు చౌడప్ప హర్షిణి వైపు తిరిగి. అతని గొంతు పెరగలేదు. "ఎవరి సామాను వాళ్లదే అని వకీలుకు చెప్పింది ఈయన. సంతకం పెట్టింది నేను. కొక్కేలు చేసిస్తే విసిరేసింది ఈయన. తమ్మునికి నాడె ఇచ్చింది నేను. రెండూ రాయి. నా తప్పు తగ్గించి రాయొద్దు. ఈయనది కూడా తగ్గించొద్దు. ఆ స్టే నా పేరు మీద ఉండాది. నాకొద్దు."

"కొక్కేలు విసిరింది నిజం," అన్నాడు కంబన్న లేచి. "ఇదో, ముళ్లకంపలో ఇంకా ఉండాయి." ఒకరి వెనక ఒకరు లేచారు. అందరూ లేచి నిలబడేదాకా హర్షిణి రాస్తూనే ఉంది.

వారం తిరక్కుండా కోర్టు స్టే ఎత్తేసింది. తెలిసీ అబద్ధం రాయించినందుకు సోమశేఖర్ మీద కేసు నడపమంది. తాళాలు మళ్లీ పడ్డాయి. పెండ్లి చీరలు ముహూర్తాలు దాటిపోయి మగ్గాల మీదే దుమ్ముపట్టాయి. బంతిపూల దండ ఎండి తలుపుకు వేలాడుతుంటే, దాని మీదనే లక్క ముద్ర కొట్టారు.

ముద్ర పడేరోజు చౌడప్ప పొద్దున్నే పోయి ముందు నిలబడ్డాడు. లక్క కరిగి బొట్లుబొట్లుగా పడటం చివరిదాకా చూశాడు. సోమశేఖర్ దగ్గరకు వచ్చాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా కడుపు కొట్టినావు మామా. నీ కడుపు కూడా కొట్టుకున్నావు."

"కొట్టుకున్నా," అన్నాడు చౌడప్ప. "నాకు ఆకలి కొత్త కాదు. నీకు కొత్త. చూసి పోదామని వచ్చినా."

ఆ రెండు నెలలు పేటలో పొయ్యిలు ఒక పూటే వెలిగాయి. రేషను బియ్యం వచ్చినా కూర వండుకున్న ఇల్లు తక్కువ. కొందరు చౌడప్పను తిట్టారు కూడా. అతను తిట్లు విన్నాడు. శిల్ప మాత్రం వచ్చి, దేవేంద్రప్ప ముక్కు విరిగిన నాడెను అతని చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనీ బావా," అంది.

జబ్బు తగ్గి షెడ్లు తెరిచిననాడు ప్రతి మగ్గానికీ ఒక కొక్కెం దారంతో కట్టి ఉంది. అది లేని మగ్గం నడపకూడదని అధికారులు రాసి పెట్టారు. రాళ్లపేటలో ఇప్పుడు ఎవరూ నాడెకు మూతి పెట్టరు. సోమశేఖర్ కేసు కడప కోర్టులో ఇంకా నడుస్తూనే ఉంది. ప్రతి వాయిదాకూ చౌడప్ప మొదటి బస్సుకు పోయి, అతను వచ్చే దారిలో, ముక్కు విరిగిన నాడె చేతిలో పట్టుకొని నిలబడతాడు. సోమశేఖర్ తల వంచుకొని పోతాడు.

"శానా ఏండ్లాయె. ఇంక చాల్దా అప్పా?" అని ఒకసారి కంబన్న అడిగాడు.

"నా తమ్ముడు అడిగితే చాలంటా," అన్నాడు చౌడప్ప.

అయ్యలారా, అమ్మలారా, తలుపు మూస్తే ఆకలి వస్తుంది, నిజం. ఆ ఆకలిని తీర్చమని ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు, కోర్టుకూ పోవచ్చు, అది మన హక్కు. పేదవాడి ఆకలిని ముందు నిలబెట్టి, అతని సంతకం కింద తన లాభాన్ని దాచుకొని తలుపు తెరిపించేవాడిని మాత్రం ఒక్క ప్రశ్న అడగండి, లోపల వాడు చేసే పని నువ్వు ఒక్కసారి చేసి చూపిస్తావా అని. తాను నోట పెట్టుకోలేని నాడెను ఇంకొకడి నోటికి అందించే హక్కు ఏ యజమానికీ లేదు, ఏ కోర్టూ దాన్ని ఇవ్వలేదు.